పందికొక్కులకు మట్టి కింద కంచె: మా పెరటి తోట పని డైరీ

2024 మే

ఈ ఏడాది తోటలో కొత్త మొక్కలేవీ పెట్టడం లేదు. ముందు పందికొక్కుల సంగతి చూడాలి. పోయిన శీతాకాలం గెనుసుగడ్డల మడిలో పైన తీగ పచ్చగా అల్లుకుని ఉంది, తవ్వితే కింద సగానికి సగం గడ్డలు డొల్ల. వేరుశనగ విత్తనం పెట్టిన రాత్రే సాళ్ల వెంట గుంటలు పడ్డాయి. రెండేళ్ల కొబ్బరి మొక్క ఉన్నట్టుండి ఒక పక్కకి వాలిపోతే లాగి చూశాం. మొదలు దగ్గరి మెత్తటి భాగమంతా తినేసి ఉంది. ఇక డ్రిప్పు పైపులు కొరకడం సరేసరి. వాటి పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఆకలి లేకపోయినా ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి.

మాది నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం. ఇంటి వెనక 20 సెంట్ల ఎర్ర గరప నేల. తూర్పున వేరేవాళ్ల నిమ్మతోట, పడమట చెరువు కింద మాగాణి, ఉత్తరాన మా గడ్డివామి, పశువుల కొట్టం. ఎలుకకి తిండి, నీళ్లు, ఎవరూ కదిలించని మట్టి మూడూ మా చుట్టూనే ఉన్నాయి. తోటలో ఎన్ని బోనులు పెట్టి ఎన్నింటిని పట్టినా ఆ జాగాలోకి పక్క గట్ల నుంచి కొత్తవి వస్తాయి. దానికి తోడు చూలు మూడు వారాలే, ఈతకి ఆరు నుంచి ఎనిమిది పిల్లలు. పట్టుకోవడంలో వాటితో పోటీపడలేం. అందుకే ఈసారి హద్దు మీద పని చేద్దామనుకున్నాం. ముళ్లకంచె అయినా, చీరల కంచె అయినా నేల దగ్గరే ఆగిపోతుంది. పందికొక్కు వచ్చేది నేల కింద నుంచి.

మొదటి పని, వస్తున్నది ఏదో తెలుసుకోవడం. అన్నిటినీ కలిపి ఎలుకలంటాం గానీ బొరియ చూస్తే తేడా తెలుస్తుంది. మాగాణి గట్టున ఉండే చిన్న పందికొక్కు తవ్విన మట్టిని ద్వారం బయట కుప్ప పోసి, లోపలికి పోయాక ద్వారాన్ని మట్టితో మూసుకుంటుంది. కుప్ప కనపడుతుంది, కన్నం కనపడదు. ఇళ్ల దగ్గర, పెంటదిబ్బల దగ్గర తిరిగే పెద్ద పందికొక్కు బొరియ వెడల్పుగా ఉంటుంది. మెట్ట వైపు, పొడి నేలలో నోరు తెరుచుకుని శుభ్రంగా ఉండే కన్నాలు తెల్లపొట్ట ఎలుకవి. దాని తోక చివర నల్లటి కుచ్చు ఉంటుంది. ఇవి కాక చిట్టెలుకలు. మా పడమటి గట్టు నిండా మట్టికుప్పలే, అంటే మా గెనుసుగడ్డలు తిన్నది చిన్న పందికొక్కే.

ఏ బొరియలో ఎలుక ఉందో, ఏది ఖాళీదో తెలుసుకోవడానికి పాత పద్ధతే మంచిది. సాయంత్రం కన్నాలన్నిటికీ తడి మట్టి కొట్టి మూశాం. తెల్లారి చూస్తే కొన్నింటికి కొత్తగా మట్టి తోడి ఉంది. వాటి పక్కన పుల్ల గుచ్చి, కాగితం మీద తోట బొమ్మ గీసి గుర్తు పెట్టాను. పుల్లలన్నీ మాగాణి వైపు, గడ్డివామి వైపు పడ్డాయి. నిమ్మతోట వైపు దాదాపు ఏమీ లేదు. అక్కడ కలుపు తీసి నేల దున్నుతుంటారు కాబట్టి కావచ్చు.

జూన్

మొత్తం 20 సెంట్ల చుట్టూ నేల కింద మెష్ (ఇనుప జాలి) వెయ్యాలంటే మా వల్ల కాదు. దుంపలు, వేరుశనగ, కూరగాయల నారు అన్నీ ఒకే చోటికి చేర్చి 4 సెంట్ల ముక్కని మాత్రమే కట్టాలని నిర్ణయించాం. చుట్టుకొలత సుమారు 170 అడుగులు. మామిడి, సపోటా, కరివేపాకు బయటే ఉంటాయి, వాటికి పందికొక్కుతో పెద్ద భయం లేదు. చిన్న తోట ఉన్నవాళ్లెవరికైనా నేను ఇదే చెప్తాను. పందికొక్కు ఇష్టపడేవన్నీ ఒక చోట పెట్టి ఆ చోటు గట్టిగా కట్టుకుంటే ఖర్చు మోయగలిగినంతలో ఉంటుంది.

నెల్లూరులో ఇనుప సామాను దుకాణాలు తిరిగి అర అంగుళం కన్ను ఉన్న జీఐ (జింకు పూత వేసిన ఇనుము) వెల్డ్ మెష్ తెచ్చాం, 4 అడుగుల వెడల్పు రోల్. కోళ్ల మెష్ చవకే. కానీ దాని తీగ సన్నం, మట్టిలో త్వరగా తుప్పు పడుతుంది, పైగా కన్ను పెద్దది. ప్లాస్టిక్ వల అయితే పందికొక్కుకి ఒక రాత్రి పని. మెష్ కొనేటప్పుడు వెల్డు చేశాక జింకు పూత వేసిందేనా అని అడగాలి. పూత వేసిన తీగతో తర్వాత వెల్డు చేస్తే ఆ అతుకుల దగ్గర పూత కాలిపోయి ముందు అక్కడే తుప్పు మొదలవుతుంది. అర అంగుళం కన్నులోంచి ఎదిగిన పందికొక్కు దూరలేదు. చిట్టెలుక దూరుతుంది, దానికి పావు అంగుళం కన్ను కావాలి. చిట్టెలుక వల్ల అంత నష్టం లేదు కాబట్టి దాన్ని వదిలేశాం.

ఎండలకి గరప నేల బిగిసిపోయి గడ్డపార దిగడం లేదు. తొలకరి జల్లు పడేదాకా ఆగాం.

జూన్ చివర, జులై

వాన పడ్డాక కాలవ తవ్వడం మొదలైంది. లోతు 2 అడుగులు, వెడల్పు అడుగున్నర. మెష్‌లో కింది అడుగు భాగాన్ని బయటి వైపుకి పడుకునేలా వంచాం. తర్వాత 2 అడుగులు నిలువుగా మట్టిలో, మిగిలిన అడుగు నేల పైన. ఆ వంపే ఈ పనికి ప్రాణం. పందికొక్కు 2 అడుగుల కంటే లోతుకి కూడా తవ్వగలదు. కానీ అది అడ్డు తగిలిన చోటే, గోడ మొదట్లోనే కిందికి తవ్వుతుంది. అలా దిగాక కాళ్ల కింద పడుకుని ఉన్న మెష్ తగులుతుంది. వెనక్కి అడుగు జరిగి మళ్లీ మొదలుపెట్టాలన్న తెలివి దానికి ఉండదు. మెష్‌ని లోపలి వైపు వంచితే ఈ ప్రయోజనమే పోతుంది.

మెష్ ముక్కలు కలిసే చోట అర అడుగు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరిచి, బెత్తెడు దూరానికి ఒకటి చొప్పున బైండింగు వైరుతో కట్టాం. మూలల్లో ముక్క కత్తిరించి చేర్చకుండా రోల్‌నే వంచి తిప్పాం. బయటికి పడుకున్న భాగం మూల దగ్గర విచ్చుకుంటుంది కాబట్టి అక్కడ ఒక చదరపు ముక్క అదనంగా పరిచాం. మట్టి పోసేటప్పుడు జానెడు మందాన పోసి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ పోశాం. వదులు మట్టి అంటే పందికొక్కుకి పిలుపు లాంటిదే. కాలవలో తగిలిన గరప రాళ్లన్నీ మెష్ బయటి వైపే తిరిగి వేశాం.

నేల పైన ఉన్న అడుగు మెష్‌కి, ఇనుప యాంగిల్ ముక్కలు పాతి, బయటి వైపు అడుగున్నర జీఐ రేకు బిగించాం. మెష్ పట్టుకుని పైకి పాకినా రేకు నున్నగా ఉండటంతో గోళ్లు నిలవవు. చిన్న పందికొక్కు చెట్లెక్కడంలో అంత చురుకైంది కాదు గానీ ఇంటి ఎలుక ఎక్కుతుంది. రేకు ఎత్తుకి ఆనుకుని ఉన్న కొమ్మలూ, బెండ మొక్కలూ తీసేయాల్సి వచ్చింది. కొమ్మ అవతలికి వాలితే రేకు కట్టీ లాభం లేదు.

అన్నిటికంటే ఆలోచన పెట్టించింది గేటు. దాని కింద 2 అడుగుల లోతు సిమెంటు గడప పోసి, రెండు చివర్లా మెష్‌ని సిమెంటు తడిగా ఉండగానే అందులో దించాం. తలుపు కింద సందు వేలు దూరనంత ఉండాలి. మా వెల్డింగు అబ్బాయి మొదట తలుపు బిగించి చూపిస్తే నేను వేలు పెట్టి చూశాను, దూరింది. "ఇంత సందులో ఎలుకేం పడుతుందక్కా" అన్నాడు. పెద్దది పట్టదు, పిల్ల పడుతుంది, లోపలికొచ్చాక అదే పెద్దదవుతుంది అని చెప్పాను. కింద రేకు పట్టీ అతికించి సందు తగ్గించాడు. నీళ్ల పైపు లోపలికి వచ్చే చోట కూడా మెష్‌ని గుండ్రంగా కత్తిరించి పైపు చుట్టూ సిమెంటు మెత్తాం.

బయట ఉన్న కొబ్బరి మొక్కలకి విడిగా ఏర్పాటు చేశాం. ఒక్కో మొక్క చుట్టూ, మొదలుకి అడుగున్నర దూరంలో, అంగుళం కన్ను మెష్‌ని గుండ్రంగా 2 అడుగుల లోతుకి దించాం. అడుగు తెరిచే ఉంచాం, వేళ్లు కిందికి పోవాలి కదా. ఆ మెష్ తుప్పు పట్టి పోయేసరికి మొదలు చేవదేరి ఉంటుందని మా లెక్క.

జులై చివర

కంచె లోపల అంతకుముందే చిక్కుకుపోయినవి ఉంటాయి. ఇది చాలామంది మర్చిపోయే విషయం. కంచె మూశాక లోపల మళ్లీ మట్టి కొట్టి చూస్తే మూడు చోట్ల కన్నాలు తెరుచుకున్నాయి. బోనుల్లో వేయించిన వేరుశనగ గింజలు, ఎండుచేప ముక్క పెట్టాం. మొదట బోను తలుపు పడకుండా కట్టేసి తిండి మాత్రం అలవాటు చేశాం. ఎలుక కొత్త వస్తువుని వెంటనే నమ్మదు. తర్వాత తలుపు వదిలాం. జిగురు అట్టలు మాత్రం వాడలేదు. వాటికి అంటుకున్న జీవి గంటల తరబడి గిలగిలలాడుతుంది. బల్లి, పిట్ట, తొండ కూడా వాటికి బలవుతాయి. చంపక తప్పనప్పుడు త్వరగా చంపాలి, అంతే.

ఆగస్టు

పక్క మాగాణి చిన్నాయన గట్టు మీద నిలబడి కంచె అంతా చూశాడు. "మీరు బిగించుకుంటే అవన్నీ మా మడికే గదమ్మా వచ్చేది" అన్నాడు. ఆయన మాట నిజం. మా ఇల్లు కాపాడుకుని పక్కవాళ్ల మీదికి తోలితే అది పరిష్కారం కాదు. వాళ్ల ఎడగారు (వేసవిలో వేసే) వరి అప్పటికే ఈనిక మీద ఉంది. పందికొక్కు దుబ్బులు కొరికి పడేసే కాలం అది.

మందు పెడదామన్నది మొదట వచ్చిన మాట. జింకు ఫాస్ఫైడు అందరికీ తెలిసిందే. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు. ముందు రెండు రోజులు మందు లేని నూకలు పెట్టి, తర్వాత మందు కలిపింది బొరియ లోపల పెట్టాలి. రుచి చూసి నలతపడి బతికిన ఎలుక మళ్లీ దాని జోలికి రాదు. అందుకే వరుసగా మళ్లీ మళ్లీ పెడితే పని చెయ్యదు. మనుషులకి, పశువులకి పొరపాటున లోపలికి పోతే దానికి విరుగుడు మందు లేదు. బ్రోమాడయోలోన్ అయితే రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజులకి చంపుతుంది, కాబట్టి ఎలుకకి అనుమానం రాదు. దానికి విటమిన్ కె విరుగుడు ఉంది. అయితే ఆ మందు తిని మందకొడిగా తిరిగే ఎలుకని గుడ్లగూబ తింటే అదీ ప్రమాదంలో పడుతుంది. మన కోసం రాత్రంతా ఎలుకలు పట్టే పక్షిని మనమే చంపుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు. మా ఇంట్లో కుక్క, పిల్లి, పక్కింట్లో చిన్నపిల్లలు ఉన్నారు. మందు వద్దన్నాను. చిన్నాయన ఆలోచించి, "సరే, మావాళ్లని పిలుద్దాం" అన్నాడు.

ఆయన చెప్పింది మా ఊరి చివర గిరిజన కాలనీలో ఉండే యానాది కుటుంబాల గురించి. నెల్లూరు జిల్లాలో ఎలుకలు పట్టడంలో వాళ్లని మించినవాళ్లు లేరు. ఇద్దరు అన్నలు, ఒక వదిన వచ్చారు. గట్టు మీద నడుస్తూ నేను చూడనివన్నీ చూశారు. "ఇక్కడ మన్ను తడిగా ఉండాది చూడమ్మా, తెల్లారుజామున తోడింది. ఈ బొక్కలో తల్లి ఉంది, పిల్లలుండాయి" అని పెద్దాయన చెప్పి, చుట్టూ గడ్డి కింద దాగిన దారులు ఒక్కొక్కటీ కనిపెట్టి మూసుకుంటూ వచ్చాడు. నేను కాగితం మీద గుర్తు పెట్టుకున్నవి వాళ్లు చూపించిన వాటిలో సగం కూడా లేవు.

వాళ్ల పనిముట్టు అడుగున కన్నం ఉన్న కుండ. లోపల ఎండుగడ్డి రగిలించి, మూతిని బొరియకి ఆనించి, చుట్టూ మట్టి మెత్తి, అడుగు కన్నం నుంచి నోటితో ఊదుతారు. పొగకి తట్టుకోలేక ఎలుక బయటికి వస్తుంది, లేదా లోపలే సొమ్మసిల్లితే తవ్వి తీస్తారు. ఊదేవాళ్లకి ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పెదాలు కాలతాయి. ఇది చూసి ఊరుకోలేకపోయాను. కొలిమిలో వాడే చేత్తో తిప్పే ఫ్యాను ఒకటి పాతది సంపాదించి, దాని మూతికి ఇనుప గొట్టం ముక్క వేసి కుండ అడుగు కన్నానికి తగిలించాం. గాలి సమంగా పోయింది, పొగ త్వరగా నిండింది. రెండో బొరియ నుంచే వదిన ఫ్యాను తిప్పడం తీసుకుంది. ఆ ఫ్యాను వాళ్ల దగ్గరే ఉంచమన్నాం.

తవ్విన ఒక బొరియ గదిలో వరి కంకులు పొరలు పొరలుగా పేర్చి ఉన్నాయి. చిన్న పందికొక్కు తినేదానికంటే దాచేది ఎక్కువ. ఆ గింజలు ఎప్పటిలాగే పట్టినవాళ్లకే. కూలి విషయంలో నా అభిప్రాయం గట్టిది. ఎలుకకి ఇంత అని లెక్క కట్టడం వద్దు, రోజు కూలి పూర్తిగా ఇవ్వాలి. బొరియ ఖాళీ అయితే అది వాళ్ల తప్పు కాదు, ఖాళీ అని చెప్పగలగడమే వాళ్ల నైపుణ్యం. చిన్నాయన, నిమ్మతోటవాళ్లు, మేము ముగ్గురం పంచుకుని ఇచ్చాం. మూడు పొలాల గట్లు ఒకే వారంలో చెయ్యడం వల్ల వాటికి పక్కకి తప్పుకునే చోటు లేకుండా పోయింది.

పొగ పెట్టేటప్పుడు ఒక బొరియలోంచి జెర్రిపోతు వచ్చింది. పెద్దాయన అందరినీ పక్కకి జరగమని దానికి దారి వదిలాడు. అది ఎలుకల్ని తినేదే, విషం లేనిది. కానీ అదే బొరియల్లో నాగుపాము, రక్తపింజర కూడా ఉంటాయి. చేయి పెట్టి తవ్వడం ఎవరూ చెయ్యకూడదు. కంచెకి చేపల వల చుట్టడం కూడా వద్దని ఇక్కడే చెప్తాను. ఎలుక ఆగదు, పాములు చిక్కుకుని చచ్చిపోతాయి, లేదా చిక్కుకున్న పాముని తీయబోయి మనిషి కాటుకి గురవుతాడు. కరెంటు తీగ మాట అసలు ఎత్తనే వద్దు. దానివల్ల ఎంతమంది రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారో మన ఊళ్లలో అందరికీ తెలుసు.

సెప్టెంబరు

ఎడగారు కోతలయ్యాయి. పొలాల్లో తిండి తగ్గింది కాబట్టి ఇప్పుడే అవి ఊరి వైపు వస్తాయి. గడ్డివామిని నేల మీద నుంచి తీసి, రాళ్ల మీద దుంగలు పరిచి వాటి మీద వేశాం. కింద పిల్లి దూరేంత ఖాళీ ఉంది. దాణా బస్తాల స్థానంలో మూత ఉన్న రేకు డ్రమ్ములు వచ్చాయి. మా అత్తమ్మ కొట్టం వెనక కొబ్బరి మట్టల కుప్ప ఎన్నాళ్లుగానో వద్దంటోంది, అది కూడా తీసేశాం. దాని కిందే పెద్ద పందికొక్కు బొరియ ఉంది.

చిన్నాయన తన వైపు గట్టు సన్నగా చెక్కించాడు. లావు గట్టులో బొరియలు పెట్టడానికి చోటు ఎక్కువ, సన్న గట్టులో గది కట్టుకోలేవు. గట్టు మీద గడ్డి కూడా చెక్కించాడు.

అక్టోబరు

వాయుగుండం వానలు. చెరువు నిండి మాగాణి మునిగింది. గట్ల మీద ఉన్నవన్నీ మెరక కోసం మా వైపుకి వచ్చాయి. కంచెకి అసలు పరీక్ష ఇదే. తెల్లారి రేకు బయట పొడవునా పాదాల గుర్తులు, మెష్ మొదట్లో తవ్విన గుంటలు. ప్రతి గుంటా పడుకున్న మెష్ దగ్గర ఆగిపోయి ఉంది. కానీ నైరుతి మూలలో వాన నీళ్లు మట్టిని కోసుకుపోయి మెష్ కింద సొరంగం పడింది. చెయ్యి పట్టేంత. వెంటనే రాళ్లు కుక్కి, మరుసటి వారం ఆ మూలలో మెష్ ఇంకో అడుగు లోతుకి దించి, నీళ్లు బయటికి పోవడానికి మెష్ బిగించిన తూము గొట్టం ఒకటి పెట్టాం. పల్లంలో ఉన్న మూలకి మొదటి నుంచే తూము పెట్టుకుంటే మంచిది, నెల్లూరులో ఎక్కువ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కదా వచ్చేది.

తడిలో పని చేసేటప్పుడు గమ్ బూట్లు, చేతి తొడుగులు తప్పనిసరి చేశాం. ఎలుక మూత్రం కలిసిన నీళ్లు చర్మం మీద గాట్లలోంచి పోయి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ఎలుకల ఒంటి మీద ఉండే మైట్ అనే సన్నటి పురుగు (మంచం నల్లి కాదు) పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. జ్వరంతో పాటు ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పొక్కు కనపడితే పొలం పని చేశామని డాక్టరుకి చెప్పాలి.

నవంబరు నుంచి 2025 జనవరి

గెనుసుగడ్డ తీగలు, వేరుశనగ రెండూ కంచె లోపల పెట్టాం. వేరుశనగ ఒక్క సాలు కూడా తవ్వలేదు. నెమళ్లు మాత్రం వచ్చి మొలకలు పొడిచాయి. వాటిని వన్యప్రాణి చట్టం కాపాడుతుంది కాబట్టి ముట్టుకునే పని లేదు. మొలక వచ్చిన మొదటి రెండు వారాలు పైన తాటాకులు పరిచాం, సరిపోయింది. ఉడుతలు రేకుని లెక్క చెయ్యవు. టమాటాల్లో వాటి వాటా వాటికి పోతోంది. కోతుల గురించి ఇంకా దారి దొరకలేదు.

మాగాణి గట్టున, తోట మధ్యన టీ ఆకారంలో కర్రలు పాతాం, మనిషి ఎత్తు కంటే కాస్త ఎక్కువ. తెల్ల గుడ్లగూబ వాటి మీద వాలుతోంది. పొద్దున కర్ర కింద అది ఉమ్మేసిన ఉండలు దొరుకుతున్నాయి. విప్పి చూస్తే ఎలుక బొచ్చు, ఎముకలు, ఒకదానిలో పుర్రె మొత్తం. గుడ్లగూబ అంటే కీడని కర్రలు తీసేయమన్నవాళ్లు ఉన్నారు. ఆ ఉండలు చూపించి మాట్లాడాను. కొందరు ఒప్పుకున్నారు.

గెనుసుగడ్డలు జనవరి చివర తవ్వాం. డొల్ల గడ్డ ఒక్కటీ లేదు. మెష్ గోడకి ఆనుకుని ఉన్న సాల్లో కొన్ని గడ్డలకి వేరు పురుగు పట్టింది, అది వేరే లెక్క, వచ్చే కారుకి వేపపిండి వేసి చూడాలి.

ఫిబ్రవరి

వరి పొట్ట దశ దాటింది, మాగాణిలో మళ్లీ కొత్త కుప్పలు కనపడుతున్నాయి, పోయినేటి అంత లేవు. కోతలు అవుతూనే, ఎండలకి నేల బిగిసేలోపు, మూడు పొలాలవాళ్లం మళ్లీ ఒకే వారంలో బొరియలకి పొగ పెట్టించాలని మాట అనుకున్నాం. చెరువు కట్ట పక్కనున్న ఇంకో ఇద్దరు కూడా కలుస్తామన్నారు. కాలనీ అన్నలకి ముందే చెప్పి పెట్టాం, వాళ్లకి వేరే ఊళ్లలో పని ఉండే రోజులవి. తోట వైపు మిగిలిన పని గేటు కింద రేకు పట్టీ మార్చడం, నైరుతి మూల తూముకి కొత్త మెష్ బిగించడం.